చారాణా కిరాయి

కురువ బీచుపల్లి రాసినవి పదకొండు నవలలు.
మా డబ్బాల ఉండేటివి ఏడు.
పాలమూరు బస్టాండు ఎదురుంగ,
సైకిల్ రిపేరు రజాక్ పక్కన,
దినానికి చారాణా కిరాయి,
అట్ట చినిగితే పైసలు అలగ్.

మొదటి నాలుగింటి మీద ఆయన పేరు లేదు.
“బీచుపల్లి ఊరి పేరు కదండీ” అని
బెజవాడ పబ్లిషర్ విక్రాంత్ అని పెట్టిండు.
అట్ట మీద రాకెట్టు,
రాకెట్టు కింద
కథల యాడా లేని ఈతబట్టల పిల్ల.
నవలకు మూడు వందల యాభై,
మనియార్డరు ఖర్చు పట్టుకొని.

ఆయన నౌకరి మక్తల్ తాలూకాఫీసుల వానలెక్క.
పొద్దున ఎనిమిదిన్నరకు డబ్బా మూత తీసి
గాజుగొట్టం ఎండకు ఎత్తి చూసేటోడు.
రిజిస్టర్ల సున్న.
జూన్ సున్న. జూలైల ఒకనాడు ఏడు మిల్లీమీటర్లు.
ఆగస్టు మళ్ల సున్న, సున్న, సున్న.
గవే గుండ్రంగ దిద్ది దిద్ది గ్రహాలయినయని
జనం అంటరు గని,
“పొద్దు వోక రాసిన” అనేటోడు ఆయన.

ఎనభై ఐదుల రిమార్కుల గడిలో
“ఇక్కడ లేదు. శనిగ్రహం చందమామ మీద కురుస్తున్నది”
అని రాసిండు.
ఆడిటాయన ఎర్రసిరా గీత కొట్టి
ఒక ఇంక్రిమెంటు కోసిండు.
ఆ మెమోను మడిచి
రాస్తున్న నవలల గుర్తుకాగితం చేసుకున్నడు బీచుపల్లి.

అసలు కొట్లాట ఐదో నవల కాడ.
అండ్ల ఒక మేస్త్రి వస్తడు.
కోయిల్‌కొండ, దామరగిద్ద, ఊట్కూరు తిరిగి
మనిషికి ఎనిమిది వందలు అడ్వాన్సు చేతుల పెట్టి
లారీ ఎక్కిస్తడు.
లారీ దిగితే అంగారకుడు.
ఎర్రమన్ను. కాలువ తవ్వాలె.
ఆడోళ్లు తట్టలు మోస్తరు,
పసిపిల్లలు అద్దాల గుడిసెల
చీర ఊయలల పంటరు.
ఎవ్వరూ ఆశ్చర్యపడరు.
“మన్ను మనూరి లెక్కనే ఉన్నది,” అంటది ఒక ముసలామె,
“నీళ్లు గూడ మనూరి లెక్కనే.”

పబ్లిషర్ ఉత్తరం రాసిండు:
గ్రహాంతరవాసి ఈ యాస మాట్లాడితే
పాఠకులు నవ్వుతారండీ.
కార్డు మీద బీచుపల్లి జవాబు:
“అంత దూరం నుంచి వచ్చినోడు
మీ యాసనే ఎందుకు మాట్లాడాలె?”

ఆ పుస్తకం అచ్చు కానీకి తొమ్మిదేండ్లు.
జడ్చర్లల పెండ్లికార్డుల ప్రెస్సుల,
మిగిలిన గులాబి కాగితం మీద,
మూడు వందల కాపీలు.
అట్ట మీద మొదటిసారి సొంత పేరు.
దానికీ ఒక దీర్ఘం ఎక్కువ పడ్డది.

పంచంగ పంచంగ ఆయన కాడ ఒక్కటీ మిగల్లే.
ఓ పొద్దుమీకి మా డబ్బాకొచ్చిండు.
నాయిన చాయ్‌కి పోయిండు, గల్ల కాడ నేను.
నాకు పదమూడేండ్లు.
తన పుస్తకం తానే కిరాయికి అడిగిండు.
పేరేంది అన్న. చెప్పిండు.
అట్ట చూసిన, మనిషిని చూసిన.
డిపాజిట్ అడగనీకి నోరు రాలే.

రెండు దినాలకు తెచ్చిండు,
పెన్సిల్‌తోటి తప్పులన్నీ దిద్ది.
ఆఖరి పేజీ లేదు.
“నేను తీస్కపోయినప్పుడే లేకుండె” అన్నడు.
మరి వాళ్లు వాపసొచ్చిన్రా అని అడిగిన.
బస్టాండు దిక్కు చూపెట్టిండు.
బొంబాయి బస్సు ఆగింది.
మూటలు, సత్తుగిన్నెలు, ఒక కుంటుతున్న పిలగాడు,
తలెంటికల నిండ సిమెంటు.
“లెక్కవెట్టు” అన్నడు.
ముప్పై ఆరు.
“పోయింది నలభై” అని
సైకిల్ స్టాండు తన్ని ఎక్కిండు.

ఇప్పుడు అదే డబ్బాల జిరాక్స్ మిషన్.
ఆయన పోయిన ముచ్చట నాకు
పింఛను కాగితాల మీద చదివితే తెలిసింది.
ఆయన ఇంటామె తెచ్చింది, మూడు సెట్లు కావాలని.
ఆమెను కూసోవెట్టి
అటక మీంచి గులాబి పుస్తకం దించి
అది గూడ తీసిన, పెన్సిల్ గీతలతో సహా.
పైసలు ఇయ్యవోతే వద్దన్న.

నాయిన చిట్టాల ఇంకా ఉన్నది:
బీచుపల్లి, రెండు దినాలు, ఆఠాణా, ముట్టలేదు.
ఆ వరుస నేను కొట్టెయ్యలే.