ధోబీ గుర్తు

ముందు పాలపొడి కలపాలి.
చాయ్‌లో వేసేదే, వెన్న తీసింది,
ఆరాంఘర్ చౌరస్తాలో దస్తగీర్ దుకాణం నుంచి
ఉద్దెరకు తెచ్చింది.
పొర మీద ఖాళీ జాగాలన్నీ పాలతో నింపితే
వచ్చే చుట్టం అడ్డమైన చోట కూర్చోడు.
బయోటిన్ పని అయితే మాత్రం పాలు వద్దు,
పాలలోనే అది దాక్కుని ఉంటుంది.
ప్రహర్షితకు ఈ మాట మూడోసారి చెప్తున్నా.
ఆమె డాక్టరేటు చేస్తోంది, నాది పది ఫెయిల్.
అయినా రాసుకుంటోంది.

ముప్పై ఏండ్ల కింద ఇదే గది.
తలుపు మీద మూడు రెక్కల పసుపు బొమ్మ,
అద్దంలాంటి పలక వెనక నిలబడి
చేతులు మాత్రం ముందుకు చాపి
ఫాస్ఫరస్‌తో పని.
పద్నాలుగు రోజులకు సగం చచ్చేది అది.
ఇంకో పద్నాలుగుకు, మిగిలినదాంట్లో సగం.
తీరుతున్నట్టే ఉండి తీరని అప్పు.
ఫిల్మును మంచుపెట్టెలో మూడు రాత్రులు పడుకోబెట్టి
ఎర్ర దీపం కింద కడిగేవాళ్లం.

ఒకనాడు గీగర్ యంత్రం
నా చెప్పుల దగ్గర కీచురాయిలా మొత్తుకుంది.
వాటిని అక్కడే విడిచి
ఒట్టి కాళ్లతో బస్సెక్కిన.
మూడు రోజులు బిడ్డను ఎత్తుకోలేదు.
ఇంటామె అడిగితే
నడుం పట్టింది అన్న.

ఇప్పుడు మండేదేమీ లేదు.
ఎక్కడో చలిదేశంలో గంటల్లా వేలాడే పువ్వు,
గుండె మందు దాని ఆకులోంచే వస్తుందట.
ఆ మొక్క తునక ఒకటి
డీఎన్‌ఏకు గుర్తుగా కట్టి పంపిస్తాం.

గుర్తు అంటే నాకు నాయిన.
పురానాపూల్ దిగువన, మూసీలో ఇంకా నీళ్లు నీళ్లలా ఉన్నప్పుడు,
నల్లజీడి గింజలో పుల్ల ముంచి
కాలరు లోపల చుక్క, గీత, చుక్క.
వకీలు ఇంటిది ఇది, మున్షీ ఇంటిది అది.
అక్షరం రాని మనిషి
వంద ఇండ్ల మూటలోంచి ఒక్క చొక్కా లాగి
ఎవరిదో చెప్పేవాడు.
జీడి రసానికి వేళ్లు బొబ్బలెక్కేవి.
గుర్తు బట్టకు, మంట ఆయనకు.

మా గుర్తును చదివేది ఎలుక.
ఆ పువ్వును అది ఎన్నడూ చూడలేదు.
సూదితో పరిచయం చేశారు, అంతే.
దాని ప్లీహంలోంచి ఒక కణాన్ని తీసి
చావు మరిచిన క్యాన్సర్ కణంతో ముడివేశారు.
అది రెండుగా, నాలుగుగా, కోట్లుగా
ఒకే ఒక్క ముఖాన్ని గుర్తుపడుతూ బతికింది.
ఎలుక ఎప్పుడో పోయింది.
దాని జ్ఞాపకం మా ఫ్రిజ్‌లో, రెండో అర,
పక్కన ఎవరన్నా పెరుగు డబ్బా పెడితే తిడతా.

నాలుగు కడుగులైనాయి. రంగు మందు పోసి
ట్రేకు రేకు కప్పినం.
కిటికీ అవతల వరి మళ్లల్లో నెమలి అరుస్తోంది,
దాని మీదుగా విమానం.
ఎండుతెగులుకు లొంగని వరి కోసం
పది మొక్కల డీఎన్‌ఏ, పది వరుసలు.
రేకు ఎత్తితే తెలుపు.
మళ్లీ ఎత్తితే తెలుపు.
పాలు ఎక్కువైనయేమో అని నాకే అనుమానం,
బయటికి అనలేదు.

ఏడో వరుసలో
ఊదా గీత.
వెంట్రుకంత. తర్వాత దారమంత.

"ఆశన్నా, ఇంకో ఐదు నిమిషాలు ఉంచుదామా?"
వద్దమ్మా. ఆగకపోతే అంతా ఊదానే,
అందరూ చుట్టాలే అయిపోతారు.
నీళ్లు పోసిన.

ఆమెకు ఐదో నెల.
ఆ రోజుల్లో అయితే
ఈ తలుపు దాటనిచ్చేవాణ్ణి కాదు.
ఇప్పుడు పొట్ట బల్లకు ఆనించి
గీత మీదికి వంగి చూస్తోంది, కొంచెం నోరు తెరిచి,
కాలరు లోపల గుర్తు వెతికే మనిషిలా.

నేను పోయి
గడప దగ్గర చెప్పులు చూసుకున్న.
ఉన్నయి.
తొడుక్కున్న.