పదో ఈక

ఐసు ఫ్యాక్టరీ లెక్కలు ఎనిమిదింటికి తెరవాలి.
ఆరున్నరకే జెట్టీ మీద ఉంటాను,
మెడలో బైనాక్యులర్స్, సంచిలో టిఫిను డబ్బా,
డబ్బా కింద నూనె మరకల నోటుపుస్తకం.

రేవులో అందరికీ అవి సముద్రపు కాకులే.
వలలోంచి జారిన చెత్తచేప కోసం
ఒకదాని నోట్లోది ఒకటి లాక్కునే
తెల్లటి రభస.
మొదటి రెండేళ్లూ నాకూ అంతే.

తర్వాత చిన్నవాటితో మొదలుపెట్టాను.
చలికాలం రెండు జాతులకీ తల తెలుపే,
చెవి వెనక దిష్టిచుక్క లాంటి మచ్చ.
మాఘం ముదిరితే గానీ ముసుగు దిగదు.
అందాకా కన్ను చూడాలి, పాలిపోయిందా, నల్లగుడ్డా అని.
ఎగిరేటప్పుడు రెక్క కొస చూడాలి.
నలుపులో అద్దాలు పొదిగి ఉంటే గోధుమతలది.
అద్దాలంటే అద్దాలే,
జాకెట్టు చేతులకి కుట్టినట్టు.

పెద్దవాటి దగ్గరే నా చదువు ఆగిపోయింది.

జనవరి ఇరవై రెండు. గాలి లేదు.
డాల్ఫిన్ నోస్ మీద మంచు ఇంకా విడలేదు.
ఐసు నలిపే మిషను పక్కన
ఒంటికాలి మీద నిలబడింది ఒకటి.
వీపు బూడిదరంగు.
ఏ బూడిద? పొయ్యిలోదా, పలకదా?
ఎండ పడితే ఒకటి, మబ్బు పడితే ఇంకొకటి.
రంగుని నమ్మి ఓసారి చెడ్డాను:
నిరుడు కొత్తజాతి అని పేజీ నిండా రాసుకున్నది
చివరికి డీజిలు మరక.

అందుకని రెక్క విప్పేదాకా ఆగి
ఈకలు లెక్కపెట్టాను.
ఉత్తరాన మంచునేలలో పుట్టినదైతే
తీరిగ్గా మార్చుకుంటుంది,
జనవరి పోతున్నా రెక్క కొస మొండిగానే ఉంటుంది.
గడ్డిమైదానాల ఉప్పుచెరువుల పిల్లైతే
కొత్త క్యాలెండరు తగిలించేలోపే పని ముగిస్తుంది.
దీనికి తొమ్మిదోది పెరిగింది.
పదోది సగంలో ఉంది, కలం పాళీ అంత.
అయితే ఉత్తరపుదే.
కానీ వీపుకి అంత చీకటి లేదు.
కన్ను మైదానపుది.
ఎక్కడో రెండు తెగల హద్దు చెరిగినచోట
జతకట్టిన ఇద్దరి బిడ్డ కావచ్చు.
లేదా ఏమీ కాకపోవచ్చు,
ఆ ఏడు తిండి చాలక
ఓ ఈక ఆలస్యమైంది, అంతే.

"ఏటి మేడమూ, అరగంట నుంచి అదే సూత్తన్నావు?"
మైలపల్లి ఎల్లాజీ. బోట్లకి నంబర్లు రాస్తాడు,
గోళ్లలో ఎప్పుడూ నీలం.
చెప్పాను. పదో ఈక, బూడిద, రెండు పుట్టుకలు.
బైనాక్యులర్స్ ఇస్తే వద్దన్నాడు.
నొసటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు.
"ఈకల సంగతి నాకు తెల్దు గానీ
ఏ బోటు ఎనకాల వొచ్చిందో సూసినావా?"
చూడలేదు.
"సూరాడోల బోటు ఎనకాలే వొత్తాది.
కుడికాలు కుంటు.
మూడేళ్ల నుంచీ ఎరుగుదును."

మూడేళ్లు.
నా పుస్తకంలో పదకొండు గడులు,
ముక్కు మచ్చ నుంచి కంటి చుట్టు గీత దాకా.
కుంటుకి గడి లేదు.
ఇంతసేపూ నేను
అది ఒంటికాలి మీద కునుకుతోందనుకున్నాను.

ఏప్రిల్ నడిమికి వేట ఆగింది. బోట్లు ఒడ్డెక్కాయి.
పాత రంగు గీకుతుంటే
నీలం పెచ్చులూడి, కింద ఆకుపచ్చ,
దాని కింద ఏ యజమానిదో ఎరుపు.
సూరాడ వాళ్ల బోటుకి ముక్కు కొత్తది,
వెనక చెక్కలు తుపానులో విరిగిన ఇంకోదానివి.
నంబరు సగం రాసి ఎల్లాజీ టీకి వెళ్లాడు.

పక్షులు లేవు.
పదో ఈక ఈపాటికి పూర్తయి ఉంటుంది,
నేనెరగని గాలిలో.

జాతి అన్నచోట ఖాళీ వదిలేశాను.
పక్కన పెన్సిలుతో రాశాను,
సూరాడ వాళ్ల బోటు వెనకాల వచ్చేది,
కుడికాలు కుంటు, ఎల్లాజీ ఎరుగును.
గడి చాలక
అది కిందిపక్షి వరుసలోకి పోయింది.