మూడో నంబరు పడవ

పెనీష్ రేవు లైబ్రరీ మేడ మీద
మంగళవారం సాయంత్రాలు ఏడుగురం కూర్చుంటాం.
మాస్టారు ఎవాండ్రోకి ఇరవై నాలుగేళ్ళు,
మాలో అందరికన్నా చిన్నదానికి యాభై ఎనిమిది.
కీబోర్డు ముట్టే ముందు
నిమ్మతొక్కతో వేళ్ళు రుద్దుకుంటాను,
చేపల ఫ్యాక్టరీ మూసేసి పదకొండేళ్ళయినా.

జాబితాలో మొదటిదాని నంబరు సున్నా అన్నాడు మొదటి రోజు.
బస్సు కండక్టరుగా చేసి దిగిన జుల్మీరో నవ్వాడు:
"సున్నా టిక్కెట్టు ఎవరికి కొట్టమంటావు నాయనా?"
అది లెక్క కాదట, గడప నుంచి ఎన్నడుగులు వేశామో అదట.
గడప మీదే నిలబడ్డవాడు ఎన్నడుగులు వేసినట్టు?
జుల్మీరో నవ్వు ఆపలేదు.
నేను మాత్రం కాగితం మీద రాసుకున్నాను.

లూప్ నాకు కొత్తేం కాదు.
డబ్బాకి ఆరు సార్డీన్లు, తలా తోకా, తోకా తలా,
పెట్టెకి వంద డబ్బాలు, రోజుకి పద్దెనిమిది పెట్టెలు.
లూప్ లోపల లూప్ అని అతను బోర్డు మీద గీస్తుంటే
ముప్పై ఒక్క ఏళ్ళు నాలుగు గీతల్లో అయిపోయాయి.
లోపలి లైను నాలుగు ఖాళీలు జరిపి రాయాలి,
జరక్కపోతే మిషను ఒప్పుకోదు.
మా మేస్త్రీ ఇల్డా కూడా అంతే.
మూత వెంట్రుకవాసి పక్కకుంటే డబ్బా వెనక్కి.

ఒకసారి, ఒకటి కలపడం మర్చిపోయాను.
తెర నిండా ఒకట్లు, ఒకట్లు, ఒకట్లు,
ఎంతకీ ఆగవు.
వేళ్ళు వాటంతటవే బల్ల కింద తడుముకున్నాయి
బెల్టు ఆపే ఎర్ర మీట కోసం.
"కంట్రోల్, సి" అన్నాడు ఎవాండ్రో,
పక్కవాళ్ళకి వినబడకుండా.

పోయిన వారం అభ్యాసం:
తెలిసిన పేర్లు ఆరు రాయండి,
వాటిలోంచి కొన్ని తీసేయండి.
రోజాలియా మనవల పేర్లు రాసి
ఎవర్ని తీసెయ్యాలో తేలక అక్కడే ఆగిపోయింది.
నేను పడవలు రాశాను,
ఆ ఏడు రేవులో కట్టేసిన వరసలోనే.
గైవోటా, సాంతా రీటా, త్రెవో,
బోవా నోవా, ఆల్వొరాదా, పెరోలా.
మునిగినవి రెండు. పక్కపక్కన ఉండేవి,
ఒక్క రాత్రే వెళ్ళాయి.

పడవల్లో ఒక్కో పడవకీ:
మునిగినవాటిలో ఉంటే, తీసెయ్యి.

నొక్కాను.
త్రెవో పోయింది.
బోవా నోవా ఉంది.

స్పెల్లింగు చూసుకున్నాను. మళ్ళీ నొక్కాను.
ఉంది.
మా తమ్ముడు అమదేవు ఇంజన్ చూసుకున్న బోవా నోవా
సాంతా రీటాకీ ఆల్వొరాదాకీ మధ్య
కొటేషన్ గుర్తుల్లో, పొడిగా.

ఎవాండ్రో వంగి చూశాడు.
అతనికేం తెలుసు, అప్పటికి పుట్టనేలేదు.
"నడుస్తూ నడుస్తూ తీసేశారు మీరు.
త్రెవో పోగానే వెనకది ఆ ఖాళీలోకి జరిగింది,
మీ వేలు అప్పటికే ముందుకెళ్ళిపోయింది.
దాన్ని మీరసలు చూడనే లేదు."

నిజమే.
ఒడ్డుకి వచ్చింది ఒక్క రబ్బరు బూటు,
అదీ ఎవరిదో.

నకలు మీద నడవాలట, అసలు మీద కొట్టెయ్యాలట.
పేరు పక్కన చదరపు బ్రాకెట్లు,
మధ్యలో నిలువుగా రెండు చుక్కలు. అంతే మందు.
పెట్టాను. నాలుగు మిగిలాయి.
లెక్క సరిపోయింది. సరిపోతుందని తెలుసు.
జుల్మీరో చప్పట్లు కొట్టాడు.

"పాత ఫైలు చెరిపేయనా?"
వద్దన్నాను.
ఎందుకని అడక్కుండా రోజాలియా బల్ల దగ్గరికి వెళ్ళాడు,
ఆవిడ ఇంకా మనవల్ని చూస్తూ కూర్చుంది.

బోర్డు మీద తర్వాతి లెక్క:
ఒకటి నుంచి వంద దాకా సరిసంఖ్యల మొత్తం.
కిటికీ బయట ఏదో పడవ హారన్ కొట్టింది,
ఏదో నేను చూడలేదు.
మొత్తం సమానం సున్నా,
అని మొదలుపెట్టాను.