ఒక్క సీటు

ఆ బండిలో ఇంకొకరికి చోటుండదు.
బెల్టు బిగించి చెయ్యి వెనక్కి తీసుకున్నాక
నాకు మిగిలేది టైరు వేడి.

ధృతికి పదహారు. హెల్మెట్ కింద
పొద్దున ఫిజిక్స్ ట్యూషన్‌కి వేసుకున్న జడే.
మొదటి సీజను. రెండుసార్లు గోడ.
ఒకసారి స్టార్టులోనే ఇంజను ఆగి,
అందరూ దూసుకెళ్ళాక
ట్రాకు మీద తనూ, చప్పుడు లేకపోవడమూ.

ఆఖరి రేసు హుస్సేన్ సాగర్ ఒడ్డున.
నీటి కంపూ పెట్రోలు వాసనా కలిసే మలుపులో
నేను బ్రేకు అనుకున్న చోట
తను అనుకోలేదు.

తొమ్మిదో స్థానం.
ఎవరూ ఫొటో తీయలేదు.

సోమవారం బారికేడ్లు ఎత్తేశారు.
స్కూటర్ మీద రాణిగంజ్ పోతూ
ఆ నల్లటి చార మీదికొచ్చాను.
వెనక బస్సు ఒకటే హారను.
తను కాలు తియ్యని చోటే
నా చెయ్యి ఎక్సలేటరు వదిలేసింది.