తలా కొంత

మురుగు గొట్టంలోకి కెమెరా పంపారు.
నలభై ఏడు సెకన్ల వీడియో.
బడి వంటగది వెనక మెట్టు మీద కూచుని
ఉల్లిపాయ వాసన చేతులతో చూశాను.
తడి చీకటి కొంత దూరం బుద్ధిగా సాగింది,
తర్వాత ఒక వేరు,
వేరు వెనక విరిగిన మట్టి పెంకులు,
ఆపైన దారి లేదు.
బాగుచెయ్యడానికి నాలుగు వేల రెండు వందల పౌన్లట.

అది నేనింకా కొనని ఇంటి పెరడు.

ఈ దేశంలో ఇల్లు ఒంటరిగా చేతులు మారదు.
గడియారాలు బాగుచేసే థాక్రే గారు
ఇల్లమ్మి కాలువలో పడవ మీదికి మకాం మార్చాలి,
ఆయన ఇంట్లోకి నేను,
నా ఇంట్లోకి ఆగ్డెన్ మొగుడూపెళ్ళాలు
(జూన్‌లో కవలలు పుడతారు),
వాళ్ళ రెండు గదుల్లోకి కెజాయా,
అంబులెన్స్ నడిపే పిల్ల.
ఆమె బ్యాంకు మాట శుక్రవారం దాకానే చెల్లుతుంది.
నలుగురం. ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.
ఒకరి దుప్పటి ఇంకొకరు లాగుతున్న నిద్ర మాది.

"అమ్మేవాడిదే ఖర్చు" అంది మా అక్క.
"నా హయాంలో బాగానే పారింది" అన్నాడు థాక్రే.
"ఎవరి కాలువ, ఎవరి గొడవ?" అన్నాడు ఆగ్డెన్,
ఫోన్‌లో కాదు, లాయరు చేత ఉత్తరంలో అనిపించాడు.
నేను మాత్రం తక్కువ తిన్నానా,
వేరే ఇల్లు చూసుకుంటానని
రాసి, చెరిపి, మళ్ళీ రాశాను.

బుధవారం ఏజెంటు ఆఫీసు నుంచి మెరిన్ ఫోన్ చేసింది.
బొంగురు గొంతు, మధ్యలో బిస్కెట్ నములుతోంది.
"మా కమిషన్లో నాలుగు వందలు వదులుకుంటాం,
మిగతాది తలా కొంత వేసుకోండి" అంది,
వంటకి చందా అడిగినంత తేలిగ్గా.

థాక్రే పదిహేను వందలన్నాడు.
ఒక రోజంతా పట్టింది ఆ మాట అనడానికి.
నావి పన్నెండు వందలు:
కొత్త పొయ్యికని దాచుకున్నవి.
ఆగ్డెన్ ఏడు వందలకి ఒప్పుకున్నాడు,
నా వాషింగ్ మెషీనూ, మెట్ల మీది కార్పెట్టూ
వదిలి వెళ్ళే షరతు మీద.
నవ్వొచ్చింది. ఇచ్చేశాను.

ఇంకా నాలుగు వందలు.
కెజాయాని అడగొద్దన్నాను.
ఆ గొట్టం ఆమెకి రెండిళ్ళ అవతలిది,
ఆ నీళ్ళు ఆమెవి కావు, ఆ వేరు ఆమెది కాదు.
మెరిన్ అడగలేదట.
ఆ పిల్లే రాత్రి డ్యూటీ దిగి, పొద్దున ఆరింటికి
డబ్బు పంపి ఒక్క వాక్యం రాసింది:
"రోడ్డు ఎక్కడ తెగినా నా బండి ఆగుతుంది."

పదిమంది చేతి కర్రలు ఒకడికి మోపంటారు.
ఆ మోపు విప్పి
ఎవరి కర్ర వాళ్ళకి తిరిగిచ్చినట్టయింది.
తేలికేం కాలేదు.
ఆ నెల నేను బడిలో మిగిలిన సూపే తిన్నాను.

మారిన రోజు హాలిఫాక్స్‌లో వాన.
డబ్బు కింద నుంచి పైకి ఎక్కింది,
కెజాయా, ఆగ్డెన్, నేను, థాక్రే.
తాళంచెవులు పైనుంచి కిందికి దిగాయి.
ఒంటిగంటకి ఖాళీ హాల్లో నిలబడ్డాను.
వెళ్ళేవాళ్ళు బల్బులు కూడా విప్పుకుపోతారని విన్నాను.
థాక్రే ఒక బల్బు వదిలాడు,
గోడకి ఒక గడియారం కూడా,
ఆరు నిమిషాలు ముందుకి తిరిగేది.

వంటగదిలో కొళాయి తిప్పి
నీళ్ళ వెంట చెవి పెట్టాను.
గుటక వేసి, సాగి, దూరమై,
వినపడకుండా పోయాయి.

కెజాయాని ఇప్పటికీ చూడలేదు.
కొండ రోడ్డు మీద నీలి దీపం వెలిగిందంటే
అందరూ లోపల ఎవరున్నారోనని చూస్తారు,
నేను డ్రైవరు సీటు వైపు చూస్తాను.
అద్దం నిండా వానే ఉంటుంది.