కారడేల్ తలుపు

రొట్టెల కొట్టు మీది గదిలో
నెలకు రెండు బుధవారాలు కలుస్తాం,
ఆరుగురం. మొన్నటి చలికాలం దాకా తొమ్మిది మందిమి.
మా దగ్గర ఓడ లేదు.
ముందే చెప్పేయడం మంచిది,
చూడ్డానికి వచ్చినవాళ్ళు మెట్లెక్కగానే
కిటికీలోంచి క్లైడ్ నది వైపు చూస్తారు.

ఏనుగు చచ్చినా వెయ్యే అంటారు గాని
కారడేల్‌ను టన్నుల లెక్కన అమ్మేశారు.
ఆ పొగగొట్టాల ఎరుపుకి పెన్నీ రాలలేదు.
మూడు ఖండాల వాన పడ్డ డెక్కులు
ఎవరి పెరట్లోనో కోళ్ళగూడు అయ్యాయట.
పోయినవాళ్ళందరూ మంచివాళ్ళే కదా,
ఇప్పుడు ఊరంతా దాన్ని మెచ్చుకుంటుంది.
సమ్మె రోజుల్లో అదే ఓడని
ఏమేం తిట్టారో మా నాన్న పుస్తకంలో రాసిపెట్టాడు.
ఆ పుస్తకాన్నీ అద్దాల పెట్టెలోనే పెట్టాం.

మిగిలిందల్లా పదకొండు చెంచాలు,
వెనక పేకాట బాకీలు రాసున్న ఒక భోజనాల కార్డు,
ఏ గదిదో తెలియని తాళంచెవి.
గదీ లేదు, తాళమూ లేదు,
ఆర్చీ మాత్రం నెలకోసారి దానికి నూనె రాస్తాడు.
గంట గ్రీనాక్‌లో ఒక బడిది,
వేసవి సెలవుల్లో అరువిస్తారు.

ఈ మార్చిలో తలుపు వచ్చింది.
డంబార్టన్‌లో మూతపడ్డ సారాయి కొట్టు నుంచి
చేపల వ్యానులో.
మెట్ల మలుపు దగ్గర గంటసేపు ఇరుక్కుని
కింద రొట్టెలు కొనేవాళ్ళ చేత సలహాలు చెప్పించుకుని
చివరికి పైకొచ్చింది,
మూడు పూతల పచ్చరంగు కప్పుకుని.

కాలమ్ డైస్ వచ్చి గోటితో గీకి చూశాడు.
పాతవాటికి ప్రాణం పోయడం అతని పని.
"కింద వాల్‌నట్. దాని మీద లక్క.
మొత్తం తీసేసి కొత్తగా పూస్తే
ముఖం చూసుకోవచ్చు."
లక్క అనగానే నెట్టా గిల్‌క్రిస్ట్ అల్లిక ఆపింది.

వాళ్ళమ్మ ఇసా, యార్డులో పాలిష్ పిల్ల.
దూది చుట్టిన గుడ్డ, లక్క, స్పిరిట్,
సున్నాలు చుట్టీ చుట్టీ పడిపోయిన భుజం.
మగవాడి కూలిలో సగం.
ఆదివారం చర్చిలో చేతిజోళ్ళు తీసేది కాదట,
వేళ్ళ గోధుమరంగు దాచుకోడానికి.
ఓడ ఎలా ఉండేదమ్మా అని అడిగితే
"తలుపుల దాకా తెలుసు,
లోపలికి ఎవరు రానిచ్చారు?" అనేది.
ఇంకొకటి కూడా అనేది:
కీళ్ళ వైపు అంచు మీద, ఎవరూ చూడని చోట,
ఆఖరి పూత ఆరకముందే
పిల్లలందరూ బొటనవేలు నొక్కేవాళ్ళని.
మేస్త్రీకి తెలిస్తే పని పోయేది.

మేం తలుపుని పక్కకి తిప్పాం.
టార్చి పట్టుకున్న నా చేయి వణికింది,
కాఫీ వల్ల అనుకుంటాను.
రంగు ఊడిన చోట, గవ్వంత మేర,
వలయాలు.
ఎవరూ ఏమీ అనలేదు.
నెట్టానే అంది: "పదిహేడు మంది ఉండేవాళ్ళు.
ఎవరిదైనా కావచ్చు."
తన వేలు దాని మీద పెట్టలేదు.
పక్కన పెట్టి, కాసేపు ఉంచి, తీసేసింది.

ఆర్చీ ఒప్పుకోలేదు.
సగం పచ్చగా సగం మెరుస్తూ ఉంటే
ఏ మ్యూజియం తీసుకుంటుందన్నాడు.
నిజమే, తీసుకోలేదు.
మినిట్స్ పుస్తకంలో నేనిలా రాశాను:
తలుపు అంచుని గీకరాదు, పూయరాదు.
ప్రతిపాదన నెట్టా. ఒకరు కాదన్నారు.
కరెంటు బిల్లు వచ్చే వారానికి వాయిదా.

ఇప్పుడది గోడకి ఆనుకుని ఉంది,
తెల్లారగట్ల రొట్టెల వాసన పీల్చుకుంటూ.
వచ్చినవాళ్ళు ఓడ ఎక్కడ అంటే
టార్చి చేతికిచ్చి వంగమంటాం.
అది లోపలికి తెరుచుకునేదా, డెక్కు మీదికా
అన్నది మాత్రం తేలలేదు.
ఆర్చీ బయటికంటాడు.
నెట్టా, లోపలికే అంటుంది.