ఖస్

ఫర్వానియాలో, నాలుగో అంతస్తు గదిలో,
ఆరు మంచాలకు ఒకటే కిటికీ.
దాని కింద ఐస్‌క్రీం డబ్బా,
మూతకు నాలుగు బొక్కలు,
బొక్కకొక స్పాంజి ముక్క, ముక్కకొక విత్తనం.

లెట్యూస్ అని ప్యాకెట్టు మీద.
బఖాలా ఆయన ఖస్ అంటాడు.
మస్తాను గడ్డి అన్నాడు.

మా ఊళ్లో మూడు బోర్లేసినా పడని నీళ్లు
ఈడ ఏసీ పైపులోంచి బొట్టుబొట్టుగా బకెట్లోకి.
వాటిలోనే మందు కలిపినాను, చెంచాతో కొలిచి,
పసిబిడ్డకు పాలపొడి కలిపినట్టు.

మొదటిసారి చచ్చిపోయినాయి.
తప్పు నాదే.
నీళ్లు తగ్గినాయని రోజూ అంచు దాకా పోసినాను.
సేద్యగాని చెయ్యి, ఊరుకోదు.
వేర్లు బంకబంకగా, కుళ్లువాసన.

వఫ్రా తోటల్లో పనిచేసిన ఓబులేసు చెప్పినాడు:
"సగం వేరు తాగేదానికి, సగం పీల్చుకునేదానికి.
గాలికి అలవాటుపడిన వేరును మళ్లా ముంచొద్దు అన్నా."

రెండోసారి చేతులు కట్టుకొని కూచున్నాను.
పాచి పట్టకుండా డబ్బాకు నల్ల టేపు చుట్టి.
రాత్రి డ్యూటీ నుంచి వచ్చి మూతెత్తితే
సేమ్యా మాదిరి తెల్లటి వేర్లు,
సగం నీళ్లలో, సగం ఉత్తగాలిలో.

నలభై దినాలకు కోసినాం.
మస్తాను పప్పులో వేస్తే ఆనవాలు లేకుండా పోయింది.
మిగిలిన ఆకులు ఉప్పూకారం అద్దుకొని
పచ్చివే తిన్నాం ఆరుగురం, కుందేళ్ల మాదిరి.
కొంచెం చేదు.

నడిమి చిగురు ముట్టుకోలేదు.
డబ్బాలో ఇంకా రెండు వేళ్ల లోతు నీళ్లు.
పొయ్యబుద్ధైంది.
చెంబు కింద పెట్టినాను.